వడ్లగింజలో జానెడు దారం

"వడ్లగింజలో బియ్యపుగింజ" అని మనకొక సామెత వుంది. అందరికీ తెలిసిన సంగతిని పెద్ద రహస్యంలాగా చెప్పబోయేవాణ్ణి ఆ ఒక్క మాటతో కూర్చోబెట్టేస్తారు. పొట్టు వొలిస్తే బియ్యం వుంటుందని కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? అయితే ఆ బియ్యపుగింజలో ఏముంది అని ఇంకొక్క అడుగు లోపలికి వెళ్ళి అడిగితే, సామెత చెప్పినవారు కూడా కాసేపు ఆలోచించుకోవలసి వస్తుంది.

మొన్న బెజవాడ వన్‌టౌన్‌లో ఒక బియ్యం కొట్టు దగ్గర నిలబడి వుండగా ఒక పెద్దావిడ వచ్చి, "ఏమయ్యా, ఇది అసలు సాంబమసూరేనా? తెగులు తట్టుకుంటుందని కొత్తగా ఏదో పుట్టించారటగా, అది కాదుగదా?" అని అడిగింది. కొట్టతను పిడికెడు బియ్యం ఆవిడ అరచేతిలో పోసి, "మీరే చూసుకోండి పిన్నిగారూ, తేడా కనిపిస్తే డబ్బు వాపసు" అన్నాడు. ఆవిడ బియ్యాన్ని వెలుతురుకు పట్టి చూసింది. రెండు గింజలు పంటికింద వేసి కొరికింది. చివరకు బస్తా రిక్షాలో వేయించుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ అడిగిన ప్రశ్న మంచి ప్రశ్నే. తేడా వుంది. కాని అది కంటికీ పంటికీ అందని చోట వుంది. ఆ చోటు ఎలా వుంటుందో ఈ వారం చూద్దాం.

గోడ ఇటుకలతో కట్టినట్టు వరిమొక్క జీవకణాలతో కట్టబడి వుంటుంది. వేరు, ఆకు, కంకి, గింజ అన్నీ కణాలే. దాదాపు ప్రతి కణంలోనూ ఒక చిన్న సంచీ వుంటుంది. దాన్ని కణకేంద్రం అంటారు. మిల్లీమీటరును 200 భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత వుంటుంది దాని అడ్డుకొలత. ఆ సంచీలో డి.ఎన్.ఎ. అనే దారం వుంటుంది. వరికణంలో వున్న డి.ఎన్.ఎ. ముక్కలన్నీ విప్పి, ఒకదాని కొసకు ఒకటి చేర్చి సాగదీస్తే సుమారు 26 సెంటీమీటర్లు వస్తుంది. అంటే జానెడు కంటే కాస్త ఎక్కువ. మన శరీరంలోని ఒక్కొక్క కణంలో 2 మీటర్ల దాకా వుంటుంది. అది బారెడు దారం. మనిషి బారెడు, వరి జానెడు గనుక మనమే గొప్ప అని అప్పుడే సంతోషించకండి. కూరలోకి తరిగే ఉల్లిపాయ వుందే, దాని ఒక్కొక్క కణంలో 10 మీటర్లకు పైగా దారం వుంటుంది! దారం పొడుగుకూ తెలివితేటలకూ సంబంధం లేదన్నమాట.

ఈ కొలతలు వినడానికి బాగానే వుంటాయిగాని మనసుకు పట్టవు. కనుక వున్నదాన్ని లక్ష రెట్లు పెంచి చూద్దాం. అప్పుడు డి.ఎన్.ఎ. దారం కుట్టుమిషను దారమంత లావవుతుంది. కణకేంద్రం అర మీటరు వెడల్పున్న గంప అవుతుంది. ఇక దారం పొడుగో, 26 కిలోమీటర్లు! బెజవాడ నుంచి మంగళగిరి వెళ్ళి తిరిగి వచ్చినంత. అంత దారమూ ఆ గంపలో పట్టాలి. అదే మనిషి దారమైతే బందరు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ బందరు వెళ్ళినంత. గంప మాత్రం దాదాపు అదే.

పట్టించడం ఒక్కటే అయితే ఎలాగో కుక్కెయ్యవచ్చు. ఆ దారాన్ని కణం రోజూ వాడుకోవాలి. కావలసినప్పుడు కావలసిన చోటు చేతికి అందాలి. కణం రెండు కణాలయ్యేటప్పుడు దారం మొత్తానికీ నకలు తీసి చెరొకటీ పంచాలి. ఎక్కడా చిక్కు పడకూడదు, తెగకూడదు. ఉన్ని అల్లే ఆడవాళ్ళను అడగండి, ఒక్క ఉండ చిక్కుపడితే ఎంత కష్టమో చెబుతారు.

ఈ పదార్థాన్ని మొట్టమొదట చేతపట్టినవాడు ఫ్రెడ్రిక్ మీషర్ అనే స్విట్జర్లాండు యువకుడు. 1869లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఆసుపత్రివాళ్ళు పారేసిన కట్లు తెచ్చుకుని, వాటికి అంటిన చీములోని కణాలనుంచి దీన్ని వేరుచేశాడు. పని అసహ్యమైనదే. ఆ బాధ లేకుండా మీరు వంటింట్లోనే దీన్ని చూడవచ్చు. అరటిపండు ముక్కను మెత్తగా నలిపి, చిటికెడు ఉప్పు, గిన్నెలు తోమే ద్రవసబ్బు కొంచెం, అరగ్లాసు నీళ్ళు పోసి మెల్లగా కలిపి, పలుచని గుడ్డలో వడగట్టండి. వడగట్టిన నీటిని గాజుగ్లాసులో పోసి, బాగా చల్లబరచిన సర్జికల్ స్పిరిట్‌ను గ్లాసు అంచు వెంబడి జారనివ్వండి. (పొయ్యి ఆర్పి చెయ్యండి, స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. పక్కన పెద్దవాళ్ళు వుండాలి. తరువాత ఆ గ్లాసును శుభ్రంగా కడగండి.) సబ్బు కణం పొరలను కరిగిస్తుంది. స్పిరిట్‌లో డి.ఎన్.ఎ. కరగదు గనుక కాసేపట్లో రెండు ద్రవాలూ కలిసేచోట జిగురుగా, దూదిపోగుల్లాగా తెల్లగా తేలుతుంది. మీరు చూసేది ఒక్క దారం కాదు, కోటానుకోట్ల దారాలు పెనవేసుకున్న ముద్ద. ఒక్క దారం ఏ కంటికీ కనిపించదు.

ఇక ఆ దారం స్వరూపం. మెలితిరిగిన నిచ్చెనలాగా వుంటుందని 1953లో వాట్సన్, క్రిక్ అనే ఇద్దరు కేంబ్రిడ్జిలో తేల్చారు. వారికి ఆధారమైన ముఖ్యమైన ఎక్స్‌రే ఛాయాచిత్రం రోజలిండ్ ఫ్రాంక్లిన్ అనే ఆవిడ పర్యవేక్షణలో లండను ప్రయోగశాలలో తీసినది. ఆవిడ 37 ఏళ్ళకే 1958లో పోయింది. 1962లో నోబెల్ బహుమతి వాట్సన్, క్రిక్, విల్కిన్స్ అనే ముగ్గురు మగవాళ్ళకు వచ్చింది. పోయినవారికి ఆ బహుమతి ఇవ్వరు. ఇచ్చే నియమం వుంటే ఇచ్చి వుండేవారా అన్నది వేరే ప్రశ్న.

ఆ నిచ్చెన మెట్లే అక్షరాలు. అక్షరాలు నాలుగే: ఎ, టి, జి, సి. ఎ వున్నచోట ఎదుట టి వుంటుంది. జి వున్నచోట సి వుంటుంది. నిచ్చెనను నిలువునా చీల్చితే ఏ సగాన్ని చూసినా రెండో సగం రాసుకోవచ్చు. నకలు తీయడంలో కిటుకంతా ఇదే. వరిమొక్కకు తల్లినుంచి ఒక ప్రతి, తండ్రినుంచి ఒక ప్రతి వస్తాయి. ఒక ప్రతిలో సుమారు 38 కోట్ల 90 లక్షల మెట్లు వున్నాయని పది దేశాల శాస్త్రజ్ఞులు కలిసి చదివి 2005లో ప్రకటించారు. జపాను ముందు నడిచింది. 11వ క్రోమోసోములో కొంతభాగం మన దేశం వంతుకు వచ్చింది. ఆ 11వ దాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

38 కోట్ల 90 లక్షల అక్షరాలంటే ఎంత? ఒక వారపత్రికలో పేజీకి 2,000 అక్షరాల చొప్పున 60 పేజీలు నింపి, బొమ్మలూ ప్రకటనలూ లేకుండా, కింద 'సశేషం' అని వేస్తూ ఒక్క వారం కూడా తప్పకుండా ప్రచురించినా, వరి కథ పూర్తికావడానికి 62 సంవత్సరాలు పడుతుంది. అంత పెద్ద సీరియల్‌ను ఓపిగ్గా చదివే పాఠకులు కూడా వుంటారనుకోండి.

ఈ సీరియల్ ఒకే పుస్తకంగా వుండదు, 12 సంపుటాలుగా వుంటుంది. అవే క్రోమోసోములు. తల్లివి 12, తండ్రివి 12, వెరసి 24. జపానులో కువాడా అనే ఆయన 1910లోనే సూక్ష్మదర్శినిలో చూసి వీటిని లెక్కపెట్టాడు. కణం విడిపోయేటప్పుడు మాత్రమే ఇవి పొట్టి పుల్లల్లాగా దగ్గరపడి కనిపిస్తాయి. కాలేజీలో వృక్షశాస్త్రం చదివినవారికి ఉల్లి వేరు కొసను రంగులో నానబెట్టి అద్దం పలకమీద నలిపి చూసిన జ్ఞాపకం వుండే వుంటుంది. మిగిలిన కాలమంతా ఆ పుల్లలు విచ్చుకుని, కేంద్రం నిండా పరుచుకుని వుంటాయి. పరుచుకున్నా ఒకదానిలో ఒకటి కలగాపులగం కావు. ఒక్కొక్క క్రోమోసోము కేంద్రంలో తన చోటు తాను చూసుకుని వుంటుందని ఇప్పుడు బాగా తెలుసు.

మరి అంత దారం అంత చిన్న చోట ఎలా అమిరింది? మంగళగిరిలోగాని పెడనలోగాని మగ్గం వున్న ఇంటికి వెళితే జవాబు సగం దొరుకుతుంది. నూలును కుప్పగా పోసుకుని ఎవరూ నేయరు. కండెలకు చుట్టుకుంటారు. కణం చేసే పనీ అదే. దాని కండెలు హిస్టోన్లు అనే మాంసకృత్తులు. ఎనిమిది హిస్టోన్లు ఒక గుత్తిగా చేరి ఒక కండె అవుతుంది. దాని చుట్టూ డి.ఎన్.ఎ. ఒకటిన్నర చుట్టుకు కాస్త ఎక్కువగా, 147 మెట్ల మేరకు చుట్టుకుంటుంది. తరువాత కొంచెం ఖాళీ దారం, మళ్ళీ ఒక కండె, మళ్ళీ దారం. డి.ఎన్.ఎ.లో ఋణవిద్యుత్తు, హిస్టోన్లలో ధనవిద్యుత్తు వుండడంవల్ల ఒకదాన్నొకటి అంటిపెట్టుకుంటాయి. ఈ కండెల సంగతి 1974లో రోజర్ కార్న్‌బర్గ్ విడమరిచి చెప్పాడు. కండె అసలు ఆకారం అణువులతో సహా 1997లో తెలిసింది. లెక్కవేస్తే ఒక వరికణంలో ఇలాంటి కండెలు 40 లక్షల దాకా వుంటాయి.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. ఆ కండెలో వుండే నాలుగు రకాల హిస్టోన్లలో నాలుగోదాన్ని బఠానీ మొక్కనుంచి, ఆవుదూడనుంచి తీసి పోల్చి చూశారు. అది 102 పూసలున్న దండలాంటిది. రెంటికీ మధ్య రెండంటే రెండు పూసలు తేడా వచ్చాయి! బఠానీ ఎక్కడ, ఆవు ఎక్కడ? నూరుకోట్ల సంవత్సరాలకు పైబడి వేరు కాపురాలు చేస్తున్న రెండు వంశాలు పాత ఇంటి కండెను మాత్రం మార్చుకోలేదు. మార్చుకున్నవి బతికి బట్టకట్టలేదు కాబోలు.

కండెలమాల తరువాత అది మళ్ళీ మెలికలు తిరిగి లావుపాటి తాడుగా పేనుకుంటుందని పాఠ్యపుస్తకాల్లో చక్కని బొమ్మలు వుండేవి. బ్రతికివున్న కణాల్లో జాగ్రత్తగా వెతికితే అంత పద్ధతైన తాడు కనిపించడంలేదని ఇటీవలి పరిశోధనల సారాంశం. కండెలమాల కొన్నిచోట్ల ఒత్తుగా, కొన్నిచోట్ల పలుచగా, ఉచ్చులు ఉచ్చులుగా ముడుచుకుని వుంటుంది. బొమ్మ అందం తగ్గింది గాని సంగతి మరింత ఆసక్తికరమైంది. ఎందుకంటే ఎక్కడ ఒత్తు, ఎక్కడ పలుచన అనేదాన్ని బట్టే కణం బతుకు నడుస్తుంది.

మన డెల్టా సంగతే చూడండి. ప్రకాశం బ్యారేజి దగ్గర నీళ్ళు వున్నాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ వున్నాయి. వాటికింద పిల్లకాలువలు, బోదెలు వున్నాయి. అన్ని తూములూ ఒకేసారి ఎత్తేస్తే ఏమవుతుంది? అన్నీ మూసేస్తే ఏమవుతుంది? ఏ తూము ఎప్పుడు, ఎంత ఎత్తాలో లస్కరుకు తెలిసి వుండాలి. డి.ఎన్.ఎ. దారంమీద పనికి వచ్చే వాక్యాలను జీనులంటారు. జన్యువులన్నా అవే. వరిలో సుమారు 37 వేలు వుంటాయని 2005లో అంచనా వేశారు. మనిషికి 20 వేలే. ఒక్కొక్క జీను ముందూ తూములాంటి చోటు ఒకటి వుంటుంది. దారం గట్టిగా చుట్టుకుని వుంటే తూము మూసుకున్నట్టు. కండెలు సడలి ఆ చోటు బయటపడి, తగిన మాంసకృత్తు వచ్చి అక్కడ కూర్చుంటే తూము ఎత్తినట్టు. అప్పుడే ఆ వాక్యం చదవబడుతుంది.

ఆకులోనూ గింజలోనూ వున్నది ఒకే గ్రంథం. అయినా ఆకు ఆకుగానూ గింజ గింజగానూ వుండడం ఈ తూముల మహిమే. ఉదాహరణకు 6వ క్రోమోసోము మీద ఒక జీను వుంది. అన్నం మెత్తగా వుంటుందా, పొడిపొడిగా వుంటుందా అనేది చాలావరకు దాని చేతిలో వుంది. ఆకులో ఆ తూము మూసే వుంటుంది. గింజ పాలుపోసుకునే రోజుల్లో తెరుచుకుంటుంది. గింజలో మనం తినే తెల్లని భాగానికి ఇంకొక విశేషం కూడా వుంది. దానిలో ప్రతులు రెండు కావు, మూడు. తల్లివి రెండు, తండ్రిది ఒకటి. అన్నం విషయంలో తల్లిదే పైచెయ్యి అని శాస్త్రం కూడా ఒప్పుకున్నట్టయింది.

ఇంతకూ పెద్దావిడ ప్రశ్న మరచిపోలేదు. సాంబమసూరి అనే బి.పి.టి. 5204 రకం మన పడమటి డెల్టా బిడ్డ. బాపట్లలో తయారై 1986లో విడుదలైంది. ఆ 'బి.పి.టి.' బాపట్లే. దీని వంశవృక్షంలో కోయంబత్తూరు నుంచి వచ్చిన జి.ఇ.బి. 24, తైవాన్ నుంచి వచ్చిన తైచుంగ్ నేటివ్ 1, మలేషియా నుంచి వచ్చిన మసూరి వున్నాయి. మొదటి రెంటినీ కలిపి, వచ్చినదాన్ని మసూరితో కలిపారు. తైచుంగ్ రకం పొట్టిది. ఆ పొట్టితనానికి కారణమేమిటో 2002లో తెలిసింది: 1వ క్రోమోసోము మీద ఒక జీనులో 383 అక్షరాలు ఎగిరిపోయాయి. ఆ వాక్యం చెడి, మొక్కను పొడుగుచేసే హార్మోను తగ్గి, ఎరువు వేసినా పడిపోని పైరు వచ్చింది. 38 కోట్ల 90 లక్షల్లో 383! అచ్చుతప్పు వల్ల మేలు జరిగిన ఘట్టాలు మా పత్రికల చరిత్రలో మాత్రం ఎక్కడా కనబడవు.

సాంబమసూరి సన్నగా వుంటుంది, రుచిగా వుంటుంది, ధర పలుకుతుంది. దానికి వున్న పెద్ద లోపం ఎండాకు తెగులు. ఇది శిలీంధ్రం కాదు, బాక్టీరియా. తుపాను గాలికి ఆకులు ఒరుసుకుని గాయపడినప్పుడు నీటిచుక్కలతో లోపలికి వెళుతుంది. అంచులనుంచి మొదలై ఆకు గడ్డిలాగా ఎండిపోతుంది. మందు చల్లి గట్టిగా లొంగదీసే తెగులు కాదు. పొట్టదశలో తగిలితే గింజ తాలుపోతుంది. పెట్టుబడి అంతా పెట్టి, కోతకు ఇంకా నెలా నెలన్నర వుందనగా పొలం గట్టున నిలబడి ఆ ఎండిన ఆకుల్ని చూసే రైతు మొహం చూసినవాళ్ళకు ఈ తెగులు గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఆ బాక్టీరియా చేసే పని తెలిసినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. అది మొక్కను కొరికి తినదు. ఒక మాంసకృత్తును సూదితో ఎక్కించినట్టు కణంలోకి ఎక్కిస్తుంది. అది నేరుగా కణకేంద్రానికి వెళ్ళి, డి.ఎన్.ఎ. దారాన్ని అక్షరం అక్షరం తడుముకుంటూ పోయి, 8వ క్రోమోసోము మీద ఒక జీను ముందు కూర్చుంటుంది. చక్కెరను కణంలోనుంచి బయటికి పంపే జీను అది. దాని తూము ఎత్తుతుంది. చక్కెర బయటికి పారుతుంది. బయట కాచుకుని వున్న బాక్టీరియా దాన్ని తింటుంది. అర్ధరాత్రి లస్కరు కన్నుగప్పి తూము షట్టరు ఎత్తి, నీళ్ళు తన చేనికి మళ్ళించుకునేవాడి పనికీ దీనికీ తేడా ఏమైనా వుందా?

ఈ దొంగకు లొంగని వరిరకాలు కొన్నిచోట్ల వున్నాయి. ఒకదానిలో ఆ జీను ముందుండే చోటు అక్షరాలు వేరుగా వున్నాయి. దొంగకు తూము ఆనవాలు దొరకదు. ఈ జీను పేరు ఎక్స్.ఎ. 13. ఇంకొక దానిలో, 5వ క్రోమోసోము మీద, వాక్యాలు చదివే యంత్రంలోని ఒక చిన్న భాగం కొంచెం మారింది. తూము ఎత్తడానికి దొంగ ఆసరా చేసుకునే పట్టు అది. రెండక్షరాల తేడాతో పట్టు జారింది. ఇది ఎక్స్.ఎ. 5. మూడోది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవివరి నుంచి వచ్చింది. దొంగ గడపలో అడుగు పెట్టగానే కేకవేసే కాపలావాడు. పేరు ఎక్స్.ఎ. 21. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దాన్ని సాగువరిలోకి తెచ్చింది. 1995లో దాని అక్షరాలు చదివారు. అది వుండేది, గుర్తుంచుకోమన్న 11వ క్రోమోసోము మీదే.

మొదటి రెండూ తల్లినుంచీ తండ్రినుంచీ రెండు వైపులా రావాలి. తూములు రెండున్నాయి గదా, ఒక్కటి పాతది మిగిలినా దొంగకు చాలు.

సరే, ఆ మూడింటినీ తెచ్చి సాంబమసూరిలో పెట్టడమే గదా అంటారు. దారం ఎలా అమరి వుందో తెలిసినవారికి ఇక్కడే భయం పుడుతుంది. జీనులు డబ్బాలో గవ్వల్లాగా విడివిడిగా వుండవు. ఒకే దారంమీద వరసగా వుంటాయి. దగ్గర దగ్గర వున్నవి కలిసే ప్రయాణం చేస్తాయి. పెళ్ళికి ఒకరిని పిలిస్తే బంధుబలగమంతా దిగినట్టు, మంచి జీను వెంట దాని ఇరుగుపొరుగు జీనులు కూడా వస్తాయి. వాటిలో గింజను లావుచేసేది ఒకటి వుండవచ్చు, అన్నాన్ని బిరుసుచేసేది ఒకటి వుండవచ్చు. తెగులు పోయి సన్నదనమూ పోతే ఆ సాంబమసూరిని కొనేవాడెవడు? పెద్దావిడ అనుమానం సరిగ్గా ఇదే.

హైదరాబాదులో కణ, అణుజీవశాస్త్ర కేంద్రం వుంది. అందరూ సి.సి.ఎం.బి. అంటారు. రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంచాలక కార్యాలయం వుండేది. ఇప్పుడు దానిపేరు భారతీయ వరి పరిశోధన సంస్థ. ఈ రెండుచోట్ల శాస్త్రజ్ఞులు, వారిలో రమేష్ సొంటి, సుందరం గార్లు, ఈ పనికి పూనుకున్నారు. మూడు జీనులూ వున్న ఒక పంజాబు వంగడంతో సాంబమసూరిని సంకరం చేశారు. పుట్టిన పిల్లను మళ్ళీ సాంబమసూరితో, దాని పిల్లను మళ్ళీ సాంబమసూరితో, ఇలా నాలుగుసార్లు వెనక్కి తెచ్చారు. లెక్క ప్రకారం పరాయి రక్తం మొదట సగం, తరువాత నాలుగోవంతు, ఎనిమిదోవంతు, పదహారోవంతు అవుతూ, చివరకు ముప్ఫైరెండోవంతుకు దిగుతుంది.

కాని జీను పక్కనే అంటుకుని వున్న ఇరుగుపొరుగు ఈ లెక్కకు లొంగరు. గింజకోసం కణాలు తయారయ్యేటప్పుడు తల్లి దారమూ తండ్రి దారమూ పక్కపక్కకు చేరి ముక్కలు మార్చుకుంటాయి. ఆ మార్పిడి కావలసిన జీనుకు బాగా దగ్గరలో జరిగిన మొక్కను వెతికి పట్టుకోవాలి. ఇందుకు డి.ఎన్.ఎ. దారంమీద పొలం సరిహద్దురాళ్ళలాంటి గుర్తులు కొన్ని వున్నాయి. చిన్న మొక్క ఆకు ముక్క తీసి పరీక్షిస్తే ఏ రాయి నుంచి ఏ రాయి దాకా మన పొలం, ఎక్కడినుంచి పరాయిది అనేది తెలిసిపోతుంది. ఇంకో లాభం కూడా వుంది. మూడు జీనులున్న మొక్కా, ఒక్కటే వున్న మొక్కా పొలంలో ఒకే రకంగా ఆరోగ్యంగా కనిపించవచ్చు. తెగులు పెట్టి చూస్తే తేడా బయటపడకపోవచ్చు. రాళ్ళు చూస్తే బయటపడుతుంది. మూడెందుకంటారా? బాక్టీరియా కూడా ఊరుకోదు, మారుతుంది. ఒక తలుపు పగలగొట్టడం నేర్చుకున్నా ఇంకా రెండు వుండాలని.

అలా వచ్చిన రకం 2008లో ఆర్.పి. బయో 226 అనే పేరుతో విడుదలైంది. మెరుగుపరచిన సాంబమసూరి అని వాడుక. ఇందులో కత్తెర పెట్టి అతికించినదేమీ లేదు. జరిగింది సంకరమే, ఎన్నిక మాత్రం అక్షరాలు చూసి జరిగింది. దీని అన్నానికి రక్తంలో చక్కెరను పెంచే సూచిక 51 దగ్గర వున్నట్టు తేలింది. 55 లోపు వుంటే తక్కువ కింద లెక్క. మధుమేహం వున్నవారు ఇది చదివి ఇంకో రెండు గరిటెలు వడ్డించుకుంటారేమో, అందుకు నా బాధ్యత లేదు. సూచిక తక్కువైనా అన్నం అన్నమే. కొలత ముఖ్యం.

కత్తెర కూడా వచ్చింది. 2025 మే 4న కేంద్రప్రభుత్వం రెండు కొత్త వరిరకాలను ప్రకటించింది. అందులో ఒకటి 'కమల'. దీన్ని సాంబమసూరి నుంచే రాజేంద్రనగర్‌లో తయారుచేశారు. గింజల సంఖ్యను పెంచే హార్మోనును కరిగించివేసే జీను ఒకటి వుంది. కణకేంద్రంలో దారంమీద ఆ ఒక్క చోటును వెతికి కత్తిరించి, ఆ జీనును పనిచేయకుండా చేశారు. బయటి జీనునేదీ చేర్చలేదు. పరీక్షల్లో దిగుబడి 19 శాతం పెరిగిందనీ, పైరు 20 రోజులు ముందుగా కోతకు వస్తుందనీ వారి లెక్క. దీన్ని మెచ్చుకునేవారూ వున్నారు, విత్తనంమీద హక్కు ఎవరిదని నిలదీసేవారూ వున్నారు. నిలదీయడం తప్పుకాదు. డెల్టాలో ఒక రైతు ఒక రకాన్ని నమ్మితే ఎకరాలకు ఎకరాలు అదే నాటుతాడు. కాబట్టి జవాబులు ముందే తెలిసి వుండడం మంచిది.

ఆ తరువాత ఇంకోసారి ఆ కొట్టుకు వెళ్ళినప్పుడు, "ఆ రోజు ఆవిడకు అమ్మింది ఏ రకమయ్యా?" అని అడిగాను. "మిల్లువాడు సాంబమసూరి అన్నాడు, నేనూ అదే అన్నాను" అన్నాడు కొట్టతను. అతను అబద్ధం చెప్పలేదు. ఒక గింజ తీసి పొడిచేసి, డి.ఎన్.ఎ. బయటికి లాగి, 5, 8, 11 క్రోమోసోముల మీద మూడు సరిహద్దురాళ్ళు చూస్తే తప్ప అది పాతదో, మెరుగుపరచినదో ఎవరూ చెప్పలేరు. పెద్దావిడ కూడా ఆ బియ్యాన్నే వండుకుని వుంటుంది. బాగాలేదని తిరిగి వచ్చిందా అని అడిగాను. రాలేదన్నాడు.